తలుపు పక్క స్టూలు

మా పెద్ద మేడమ్ పోయారు. మంగళవారం పొద్దున బోధన్ నుంచి ఆమె మరదలు ఫోన్ చేసేసరికి నేను నిజామాబాద్‌లో మా నర్సింగ్ స్కూలు ప్రాక్టికల్ గదిలో ఉన్నాను. మొదటి సంవత్సరం పిల్లలు ఒకరి చేతికి ఒకరు బీపీ పట్టీ చుట్టుకుంటూ గోలగోలగా ఉన్నారు. "అక్కా, వదినె పోయింది. నిద్రల్నే పోయింది. చాయ్ తాగుతదని లేపిన, లేవలే" అందామె. ఆ తర్వాత నేనేం మాట్లాడానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక పిల్లల వైపు తిరగాల్సిందాన్ని తలుపు వైపు తిరిగాను. తలుపు పక్కన ఆ పాత చెక్క స్టూలు ఎప్పటిలాగే ఉంది.

ఒకసారి మేడమ్‌ను ఆ స్టూలు మీద నుంచి వెనక్కి తెచ్చుకున్నాం. తెచ్చింది నేను కాదు, నేను పాఠం చెప్పే క్లాసులో వెనక బెంచీ పిల్ల. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మనిషి పోయాక రాసేవాళ్లు ఆమె దేవత అనీ, ఆ లోటు తీరనిదనీ రాస్తారు. మేడమ్ గురించి అలా రాస్తే ఎక్కడున్నా వచ్చి నా చెవి మెలిపెడతారు. ఆమె దేవత కాదు. కోపం ఎక్కువ. చాయ్‌లో చక్కెర ఇంకా ఎక్కువ. బస్సులో కిటికీ పక్క సీటు ఎవరికీ ఇచ్చేవారు కాదు. ప్రిన్సిపాల్ కాదు, వయసులో అందరికన్నా పెద్దా కాదు, మనిషి పొడుగూ కాదు. మరి పెద్ద మేడమ్ ఎందుకయ్యారో మాకంటే ముందు చదివినవాళ్లకు కూడా తెలియదు. కమ్యూనిటీ హెల్త్ చెప్పేవారు. అంటే ఊళ్లకు పోయి, ఇళ్లలో కూర్చుని, జనం ఆరోగ్యం గురించి జనంతో మాట్లాడే చదువు.

నేను నందిపేట్ నుంచి వచ్చి ఆ స్కూల్లో చేరేనాటికి నాకు తెలిసిన చదువు ఒకటే. టీచరు చదువుతారు, మనం రాసుకుంటాం, పరీక్షలో కక్కేస్తాం. పెద్ద మేడమ్ మొదటి రోజు పుస్తకమే తెరవలేదు. మూలనున్న ఇనుప మంచాన్ని గది మధ్యకు లాగించారు. ఒక చెక్క స్టూలు తీసుకెళ్లి తలుపు పక్కన వేశారు.

"గిది దవాఖాన" అని మంచం చూపించారు. "గది బస్టాండు" అని స్టూలు చూపించారు. "మీరు మంచిగ మాట్లాడితే పేషెంట్ ఈడ కూసుంటది. మీ మాట సయించకపోతే లేసి ఆడికి పోయి కూసుంటది. అప్పుడన్న పొయ్యి తెచ్చుకోవాలె. తెచ్చుకోకుంటే బస్సెక్కి ఊరికి పోతది. మల్ల రాదు. ఇంట్ల బతుకుతదో సస్తదో మీకు తెల్వదు."

అని, భుజం మీది తువ్వాల తీసి తలకు చుట్టుకున్నారు. అంతే, మేడమ్ లేరు. మంచం మీద ఒక ముసలాయన నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. ఆ ఒక్క తువ్వాలతోనే ఆమె ఎంతమందో అయ్యేవారు. తలకు చుడితే రైతు, తల మీదుగా కప్పుకుంటే నాట్లేసే ఆడమనిషి, గడ్డం కిందికి లాక్కుంటే బోధన్ గల్లీలో ఉండే ముసల్మాను పిన్నమ్మ, ఖాలా. ఎవరి రోగమేమిటో ముందు చెప్పేవారు కాదు. అడిగి తెలుసుకోవాలి.

ముసలాయన దగ్గరికి వెళ్లింది నేనే. అందరికన్నా ముందు చెయ్యెత్తడం అప్పట్లో నాకో రోగం. పుస్తకంలో బట్టీ పట్టింది ఉంది కదా, స్పష్టంగా అడిగాను: "తాతగారూ, మలవిసర్జన సాఫీగా జరుగుతున్నదా?"

"ఏందమ్మా జరగాల్సింది?" అన్నాడు ముసలాయన.

వెనక నుంచి కిసుక్కుమన్నారు. నేను అదే ప్రశ్న ఇంకాస్త గట్టిగా అడిగాను. ముసలాయన నడుం పట్టుకుని లేచి, కుంటుకుంటూ పోయి స్టూలు మీద కూర్చున్నాడు. నేను మంచం దగ్గరే నిలబడి, మూడోసారి, గది అదిరిపోయేటట్టు అడిగాను. ఆయన తలుపు తెరుచుకుని వెళ్లిపోయాడు. వరండాలో నుంచి "రైట్ రైట్" అన్న కేక వినబడింది. కండక్టరు కూడా ఆమే.

క్లాసు విరగబడి నవ్వింది. మేడమ్ తిరిగి వచ్చారు కానీ తువ్వాల విప్పలేదు. అసలు పాఠం అక్కడ మొదలయ్యేది. తప్పేమిటో మేడమ్ చెప్పరు, పేషెంటే చెప్పాలి. ఎందుకు లేచావని మేమే అడగాలి. నేను ముఖం ముడుచుకునే అడిగాను.

"గీ బిడ్డ మంచిదే. గని నన్ను అడుగలే, పుస్తకాన్ని అడిగింది. నాకు అర్థం కాలేదని తెల్సి గూడ గట్టిగ అడిగింది" అన్నాడు ముసలాయన. కాసేపాగి, "నాకు చెవుడు లేదు బిడ్డా" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది. వార్డులో ఏ నర్సమ్మ అయినా పేషెంట్ మీద గొంతు పెంచితే నాకు ఆ ముసలాయనే కనిపిస్తాడు.

ఇప్పుడు ఈ పద్ధతులకు పెద్ద పెద్ద పేర్లు వచ్చాయి. సిములేషన్ అంటారు, రోల్ ప్లే అంటారు, అయిపోయాక అందరూ కూర్చుని మాట్లాడుకోవడాన్ని డీబ్రీఫింగ్ అంటారు. ట్రైనింగుల్లో తెర మీద ఇవన్నీ చూపిస్తుంటే మేడమ్ దగ్గర చదివినవాళ్లం ఒకరి ముఖం ఒకరం చూసుకుని ముసిముసిగా నవ్వుకునేవాళ్లం. మాకు అది బస్టాండు పాఠం. మేడమ్ మాత్రం నవ్వేవారు కాదు. ముందు వరసలో కూర్చుని, చెయ్యెత్తి మరీ ప్రశ్నలు అడిగేవారు. కొత్తదేదైనా ఆమెకు ఇష్టం. ఒక ట్రైనింగ్ నుంచి తిరిగొస్తూ బస్సులో అన్నారు: "ఇన్నేండ్లు పేషెంట్‌నే అడిగినం గని, సూసెటోళ్లను అడుగలే. బెంచీల మీద కూసున్నోళ్లు గూడ చెప్పాలె. మంచిగుంది గా ముచ్చట." మరుసటి వారమే పాఠం మారిపోయింది.

మా బ్యాచ్‌లో మగపిల్లలు కొద్దిమంది ఉండేవారు. వాళ్లలో ఒకతను ఒకరోజు బీపీ చూడబోయాడు. ఆనాడు మంచం మీద ఉన్నది ఖాలా. ఇతను మంచిగానే సలాం చేసి, మంచిగానే మాట్లాడి, చటుక్కున చెయ్యి పట్టుకుని రైక చెయ్యి పైకి జరపబోయాడు. ఖాలా లేచింది. అతనికి మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత మెల్లగా స్టూలు దగ్గరికి పోయి, కాస్త దూరంలో నిలబడి, "ఖాలా, మా అక్కను పిలుస్తా, ఆమె చూస్తది. నేను పక్కకు నిలబడి రాసుకుంటా. మంజూరేనా?" అన్నాడు. ఖాలా తువ్వాల సవరించుకుని, "ముందుగాలనే అడిగితే నాకు నడిసే తిప్పలు లేకుండె గద బేటా" అంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. ఇప్పుడతను బోధన్‌లోనే పనిచేస్తున్నాడు. పరదాలో వచ్చే ముసలమ్మలు అతని డ్యూటీ ఎప్పుడో కనుక్కుని వస్తారని విన్నాను.

ఇంకోసారి మేడమ్ చెరుకు కొట్టడానికి సరిహద్దు దాటి వచ్చిన ఆడమనిషి. ఎవరేం అడిగినా మరాఠీనే. కడుపు పట్టుకుని "పోటాత్ దుఖ్తయ్" అంటున్నారు, అంతకుమించి ఒక్క ముక్క తెలుగు లేదు. తెలివైనవాళ్లంతా చేతులతో సైగలు చేసి చేసి అలసిపోయారు. ఒక పిల్ల ఏమీ అనకుండా గదిలో నుంచి పరుగెత్తింది. భయపడి పారిపోయిందనుకున్నాం. గేటు బయట చాయ్ బండి పెట్టుకున్న నాందేడ్ ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ ఇద్దరూ మరాఠీలో మొదలుపెట్టారు, ఇక ఆగరు! రోగం సంగతి తేలాక ఆ చాయ్ ఆమె సొంత మోకాలి నొప్పి కూడా బయటికొచ్చింది. "తెల్వనప్పుడు తెల్సినోళ్లను తెచ్చుకునుడే పని. గీ పిల్లను సూసి నేర్సుకోండ్రి" అన్నారు మేడమ్.

స్కూలుకు బొమ్మ వచ్చినప్పటి సంగతి చెప్పకపోతే మా బ్యాచ్ వాళ్లు ఊరుకోరు. పెద్ద పెట్టెలో వచ్చింది. రబ్బరు చర్మం, ఛాతీ సరిగ్గా నొక్కితే టిక్కుమని చప్పుడు. మేమంతా దాన్ని డమ్మీ అనేవాళ్లం, సూదులు ఎడాపెడా గుచ్చేవాళ్లం. మేడమ్ చూసి, "ఈమెకు ఊరు లేదా? పేరు లేకుంటె లేదుతీ, ఊరన్న ఉండాలె గదా?" అన్నారు. నా వైపు చూసి నవ్వి నందిపేట్ అని ఖాయం చేశారు. పసుపు ఉడకబెట్టే పొగకు దగ్గు పట్టుకుందనీ, ఇద్దరు బిడ్డలనీ, ఒక బర్రె ఉందనీ చెప్పారు. ఎవరో పాత చీర తెచ్చి కట్టారు. మరునాటి నుంచి ఆ బొమ్మకు దుప్పటి కప్పకుండా సూది వేసినవాళ్లు లేరు. "బర్రె ఈనిందా అవ్వా?" అని పలకరించి మరీ ఛాతీ నొక్కేవాళ్లం. నేనైతే మా ఊరి మనిషి కదా అని కాస్త ఎక్కువే పలకరించేదాన్ని.

అన్నీ చెబుతున్నాను కాబట్టి చాయ్ సంగతి కూడా చెప్పాలి. వారంలో కొన్ని రోజులు మమ్మల్ని ఊళ్లకు తీసుకుపోయేవారు. బోధన్ చుట్టుపక్కల ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు చాయ్ వస్తుంది. చెరుకు పండే చోట చాయ్ ఎలా ఉంటుందో మీకు తెలుసు, చెంచా నిలబడుతుంది. మేడమ్ గ్లాసు అందుకుని, ఒక గుటక వేసి, "మంచిగుందమ్మా" అని, అప్పుడు మొదలుపెట్టేవారు: "ఇంట్ల ఎవ్వలకన్న సుగరుందా?" ఒక చేతిలో తీపి చాయ్, నోట్లో చక్కెర తగ్గించమన్న మాట! మాకు నవ్వాగేది కాదు. బయటికొచ్చాక ఒకసారి అడిగేశాను, మీరైనా వద్దనొచ్చు కదా మేడమ్ అని.

"చాయ్ వద్దంటే ముచ్చట గడప కాన్నే ఆగిపోతదే. నా ఇంట్ల చాయ్ తాగనామె నా సుగరు సంగతి ఎందుకడుగుతుంది అనుకుంటరు" అన్నారు. ఆ మాట నిజమే. ఆమె గడప దాటలేకపోయిన ఇల్లు నేను చూడలేదు. ఒక గల్లీ తిరిగితే ఇంటికో గ్లాసు. ఏళ్ల తరబడి అలా తిరిగారు.

రిటైరయ్యాక మేడమ్ బోధన్‌లో తమ్ముడింటికి చేరారు. అప్పటికి నేను అదే స్కూల్లో టీచర్నయ్యాను, స్టూలూ మంచమూ నా చేతికి వచ్చాయి. కానీ పేషెంట్ వేషం నాకు ఆమెలా రాదు. గురువారం గురువారం మేడమ్ బస్సెక్కి వచ్చేవారు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. ఆడవాళ్లకు పైసలు లేని జీరో టికెట్టు పెట్టినప్పటి నుంచి కిటికీ సీటు దొరకడం లేదని తిట్టుకుంటూ దిగేవారు. పోయిన ఏడాది కొన్ని గురువారాలు రాలేదు. అడిగితే పని ఉండెనన్నారు. ఆ తర్వాత మరదలు నాకు ఫోన్ చేసింది.

"అక్కా, వదినెకు కిడ్నీలు పాడైనయట. డయాలసిస్ చెయ్యకుంటే బతుకదని డాక్టరు మొకం మీదనే చెప్పిండు. ఈమె పోనంటుంది. మా ఆయన చెప్పిండు, నేను ఏడ్సిన, ఇంటలేదు. మీరన్న జర వచ్చి చెప్పుండ్రి."

ఆమెకు షుగరుందన్న సంగతే మాకు తెలియదు. ఎన్నేళ్లుగానో ఉందట. మాకు ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ సాయంత్రమే బోధన్ పోయాను. ఇంటి ముందు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముఖం ఉబ్బింది. చీర కుచ్చిళ్లు కాళ్ల మీదికి లాక్కుని కూర్చున్నారు. నేను బస్సులో దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా చెప్పాను. రక్తంలో విషం ఎలా పేరుకుంటుందో, మిషన్ ఏం చేస్తుందో, ఆలస్యం చేస్తే ఏమవుతుందో, ఎంతమంది డయాలసిస్ మీద హాయిగా తిరుగుతున్నారో. ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. మేడమ్ అంతా విన్నారు. విని, కుర్చీ చేతులు పట్టుకుని లేచి, మెల్లగా నడుచుకుంటూ పోయి గేటు పక్కన సిమెంటు గద్దె మీద కూర్చున్నారు.

ఆ నడక నాకు తెలుసు. వెంటనే పోయి పక్కన కూర్చుని, "ఎందుకు లేచిండ్రు మేడమ్?" అని అడిగాను. తువ్వాల భుజం మీదే ఉంది. ఆమె ఎటో చూస్తూ, "పొద్దుగూకుతుంది, ఇంటికి పో బిడ్డా. మల్ల బస్సు దొరకదు" అన్నారు. నేను లేచి గేటు దాటాక వెనక నుంచి, "గురువారం క్లాసుకొస్త. పిల్లలకు చెప్పు, కొత్త కేసుందని" అన్నారు. దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను.

గురువారం తమ్ముడు కారులో దింపి వెళ్లాడు. మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. వచ్చి మంచం మీద కూర్చున్నారు. తువ్వాల తీశారు, మడత పెట్టి ఒళ్లో పెట్టుకున్నారు. తలకు చుట్టుకోలేదు, కప్పుకోలేదు. మొదటి సంవత్సరం పిల్లలకు అందులో తేడా ఏమీ తెలియలేదు. నాకు తెలిసింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"నాకు డయాలసిస్ చెయ్యాలంటున్నరు. నేను చేయించుకోను" అన్నారు పేషెంట్.

క్లాసులో బాగా మాట్లాడే పిల్ల ముందుకొచ్చింది. ఎంత చక్కగా చెప్పిందో! నేను బోధన్‌లో చెప్పినవన్నీ నాకంటే బాగా చెప్పింది, భయపడకు అవ్వా అని భుజం కూడా నిమిరింది. మేడమ్ లేచి స్టూలు మీదికి పోయారు. ఇంకో పిల్ల పరుగున వెళ్లి, "మీ మనుమల కోసమన్న చేయించుకో అవ్వా" అంది. "నాకు మనుమలు లేరు" అన్నారు మేడమ్, తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి. గదిలో ఎవరూ కదలలేదు. నేను ఒక అడుగు వేసి ఆగిపోయాను.

వెనక బెంచీలో భీమ్‌గల్ నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఉండేది. హాజరు పిలిచినప్పుడు తప్ప గొంతు వినబడేది కాదు. ఆ పిల్ల లేచి వచ్చి స్టూలు పక్కన నేల మీద చతికిలబడి కూర్చుంది. మేడమ్ గొళ్లెం మీద నుంచి చెయ్యి తీయలేదు.

"బస్సుకు ఇంక టైముందా అవ్వా?" అంది కాసేపటికి.

"ఉంది."

"అయితే జరసేపు కూసుంట నీతోని."

ఆ పిల్ల నేల మీద కూర్చుంది కాబట్టి ఆమె కళ్లకు ఎదురుగా ఉన్నవి మేడమ్ కాళ్లు. కుచ్చిళ్లు ఇంకాస్త కిందికి లాక్కున్నారు మేడమ్.

"కాళ్లెందుకు దాసుకుంటున్నవ్ అవ్వా?" అంది ఆ పిల్ల. అని, కుచ్చిళ్లు కొద్దిగా జరిపి, చీలమండ పైన వేలితో మెల్లగా నొక్కింది. వేలు తీసేసినా ఆ గుంట అలాగే ఉండిపోయింది. వేషంలో రాని గుంట అది. ఆ పిల్ల తలెత్తి మేడమ్ ముఖం చూసింది, తర్వాత నా ముఖం చూసింది.

మేడమ్ గొళ్లెం వదిలేశారు. "సిగ్గయితుంది బిడ్డా" అన్నారు. "ఊరందరికి సుగరు గురించి సుద్దులు చెప్పిన. నాది నేను సూసుకోలే. ఖలీల్‌వాడిల ఏ దవాఖాన్ల అడుగు పెట్టినా మా పిల్లలే ఉంటరు. ఆళ్లే నాకు సూది గుచ్చాలె. మీదికి నవ్వకున్నా లోపట నవ్వుకుంటరు. గది నాతోని కాదు."

"నవ్వరు" అంది ఆ పిల్ల. "పేషెంట్‌ను సూసి నవ్వుడు మీరు ఆళ్లకు నేర్పలే గదా మేడమ్."

అవ్వా అన్న పిల్ల మేడమ్ అనేసరికి క్లాసంతటికీ ఒక్కసారిగా అర్థమైంది.

"ఒక్కరే పోకుండ్రి. నేనొస్త తోడు" అంటూ లేచి చెయ్యి చాపింది. మేడమ్ ఆ చెయ్యి వంక చూసి చూసి పట్టుకున్నారు. ఇద్దరూ మెల్లగా నడిచి మంచం దాకా వచ్చారు.

పద్ధతి ప్రకారం అడగాల్సింది నేను. "ఎందుకు ఆగినవ్ అవ్వా?" అన్నాను.

"అందరు నా రోగం గురించి చెప్పిండ్రు. గీ పిల్ల నా కాళ్లు సూసింది" అన్నారు మేడమ్. మడత పెట్టిన తువ్వాల తీసి కళ్లు తుడుచుకున్నారు. నేను అప్పటికే కొంగుతో తుడుచుకుంటున్నాను.

డయాలసిస్‌కు మొదటి రోజు భీమ్‌గల్ పిల్ల అన్నమాట ప్రకారం తోడు పోయింది. అక్కడి నర్సు మా బ్యాచ్ మనిషే. మేడమ్‌ను చూసేసరికి ఆమెకు చేతులు ఆడలేదట. "గుచ్చవే, నాకేం కాదు. అయినా దుప్పటి కప్పకుంట సూది పడుతున్నవ్, నందిపేట్ అవ్వను మర్సిపోయినవా?" అన్నారట మేడమ్. ఆ నర్సు ఏడుస్తూ నవ్వుతూ దుప్పటి కప్పి సూది వేసింది. ఎవరూ జాలి పడలేదు, పడే తీరిక ఆమె ఇస్తేగా. మిషన్ పక్కన పడుకునే, తోడొచ్చిన పిల్లలకు పాఠం మొదలుపెట్టేవారు. పక్క మంచం పేషెంట్‌ను చూపించి, "ఆయినె పొద్దటిసంది ఎవ్వలతోని మాట్లాడలే, పొయ్యి ముచ్చట పెట్టు" అని పంపేవారు. చలేస్తుందని కప్పుకున్నది ఆ తువ్వాలే. మా పిల్లలు వంతులు వేసుకుని మరీ తోడు పోయారు. పుస్తకంలో ఆ అధ్యాయం వచ్చేసరికి వాళ్లకు నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

చక్కెర లేని చాయ్ మాత్రం ఆమెకు చివరిదాకా సయించలేదు. అదీ కొద్దిగానే తాగాలి. ఒకరోజు పక్కన కూర్చున్నప్పుడు మనసులో ఉన్నది అడిగేశాను: "ఆ రోజు బోధన్‌లో నేను చెప్పినప్పుడు ఎందుకు లేచిండ్రు మేడమ్?"

"నువ్వు అంత నిజమే చెప్పినవే. గా నిజాలన్ని నేను నీకు నేర్పినయే. నాకు తెల్వనిదొక్కటన్న అడుగుతవేమో అని సూసిన" అన్నారు. నాకు కాస్త బాధేసింది. నా ముఖం చూసి, "మొకం గట్ల పెట్టకు. గేటు కాడికొచ్చి నా పక్కన కూసున్నవ్ సూడు, అందుకే క్లాసుకొచ్చిన" అన్నారు.

ఆ గురువారం తర్వాత ఆమె మాకు ఎంత కాలం దొరికారో లెక్క చెప్పను. చాలలేదు. ఇంకో పదేళ్లు దొరికినా చాలలేదనే అనేదాన్ని. కానీ ఆ స్టూలు మీద నుంచే వెళ్లిపోయి ఉంటే ఈ కాలం కూడా ఉండేది కాదు. నిద్రలో గుండె ఆగిందన్నారు. ఈసారి ఎవరినీ ఏమీ అడగనివ్వలేదు.

అంత్యక్రియలకు స్కూలు స్కూలంతా బోధన్ పోయింది. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చినవాళ్లున్నారు. అంతా అయ్యాక, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి గల్లీ ఆడవాళ్లు కెటిళ్లలో చాయ్ తెచ్చారు. "మా ఇంటికొస్తె తాగకుంట పోకపోయేది మేడమ్" అంటూ ఒక ఖాలా నా చేతిలో గ్లాసు పెట్టింది. వేషం కాదు, నిజం ఖాలా. గ్లాసులో చక్కెర పాకంలా ఉంది. మాలో షుగరున్నవాళ్లు కూడా ఒక గుటక వేసి, మంచిగుందమ్మా అన్నారు.

సాయంత్రం బస్టాండుకు వచ్చాం. నిజామాబాద్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది, కిటికీ పక్క సీట్లు ఖాళీగా కనిపిస్తున్నాయి. కండక్టరు కేకేసి పిలుస్తున్నాడు. భీమ్‌గల్ పిల్ల బస్సు దాకా నడిచి, మెట్టు మీద కాలు పెట్టబోయి, వెనక్కి వచ్చి అక్కడి సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ పిల్ల వరసలో కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

"ఎక్కుతలేరా అక్కా? సీట్లున్నయి" అన్నాడు కండక్టరు.

"లేదన్నా. జరసేపు కూసుంటం. మీరు పోండ్రి."

అతను మా వంక వింతగా చూసి "రైట్ రైట్" అన్నాడు. బస్సు కదిలిపోయింది. మేమందరం ఇరుక్కుని కూర్చున్న ఆ బల్ల చివర, భీమ్‌గల్ పిల్ల పక్కన, ఒక మనిషి పట్టేంత చోటు ఉంది. ఆ పిల్ల దాని మీద చెయ్యి ఆనించి కూర్చుంది. ఎవరమూ అటు జరగలేదు.